రెండు కవచాలు



ప్రియ పాఠకులారా! చలికాలం ప్రవేశించి గోదావరి నీరు తేటబడగానే మా వద్దకు వచ్చే కుటుంబాలవారు తరచుగా ఒక మాట అడుగుతూ ఉంటారు. "మౌలానా గారూ! పిల్లలు పాపికొండలు చూడాలని పట్టుబడుతున్నారు. లాంచీ మీద వెళ్ళిరావచ్చునా?" అని. కొందరు వినోదయాత్ర ధర్మసమ్మతమేనా అని సందేహిస్తారు. మరికొందరు పడవలో జుహ్ర్ నమాజు ఎలా చేయాలని విచారిస్తారు. ఇంకొందరు అక్కడ వడ్డించే భోజనం తినవచ్చునా అని అడుగుతారు. ఇవన్నీ అడుగదగిన ప్రశ్నలే. విశ్వాసి ఎక్కడికి వెళ్ళినా తన ధర్మాన్ని వెంట తీసుకొని వెళ్ళాలనుకోవడం ఈమాన్‌కు చిహ్నం.

అయితే ఇన్నేళ్ళలో మమ్మల్ని ఎవరూ అడుగని ప్రశ్న ఒకటి ఉన్నది. మేము కూడా ఎన్నడూ మాకు మేము వేసుకొనని ప్రశ్న అది. గడచిన శీతాకాలంలో మా మదర్సాకు చెందిన పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడు ఆ ప్రశ్నను మా ముందుంచాడు. ఈ మాసం మా శీర్షికను ఆ పాఠానికే కేటాయిస్తున్నాము.

ముందుగా యాత్ర సంగతి. భూమిపై సంచరించి సృష్టి ఎలా ఆరంభమైనదో పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ అన్‌కబూత్ సూరాలో మనల్ని ఆహ్వానిస్తున్నది. నదులు, పర్వతాలు, నీటిపై తేలిపోయే నౌకలు అల్లాహ్ సూచనలని అనేక సూరాలలో ప్రస్తావన ఉన్నది. కనుక హద్దులు పాటిస్తూ, నమాజులు కాపాడుకుంటూ, దుబారాకు పోకుండా, కుటుంబంతో కలిసి అల్లాహ్ సృష్టిని చూడబోవడంలో అభ్యంతరమేమీ లేదు. మంచి సంకల్పంతో చేస్తే అందులో పుణ్యం కూడా ఆశించవచ్చు. డెల్టాలో పుట్టి పెరిగిన మన పిల్లలకు గోదావరి అంటే విశాలమైన నీరు, ఇసుక మేటలు, లంకలు, ధవళేశ్వరం ఆనకట్ట, రాజమహేంద్రవరం వంతెనలు మాత్రమే. అదే గోదావరి రెండు కొండవరుసల నడుమ నొదిగి ఇరుకుగా, లోతుగా, నిశ్శబ్దంగా ప్రవహించే దృశ్యం వారికి కొత్త. ఈ కొండలు, అడవులు 2008లో జాతీయ పార్కుగా ప్రకటింపబడ్డాయి.

మా విద్యార్థులలో పదిమందిని, మా కుటుంబ సభ్యులను తీసుకొని ఈ యాత్రకు సంకల్పించినప్పుడు ప్రతి విద్యార్థి తండ్రి వద్దనూ అనుమతి కోరాము. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. కోనసీమలోని ఒక లంక గ్రామంనుండి వచ్చిన తండ్రి మాత్రం చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. ఆయన చిన్ననాటినుండి పడవ నడిపిన మనిషి. వంతెన వచ్చి రేవు మూతపడేవరకు ఏటికి అటూ ఇటూ జనాన్ని దాటించడమే ఆయన జీవనం. చివరకు ఆయన ఇలా అన్నారు. "మౌలానా గారూ! తీసుకెళ్ళండి. నాకు అభ్యంతరం లేదు. కాని నీళ్ళను నేను ఎరుగుదును. మా వాడి ఒంటిమీది జాకెట్టు ఎక్కినప్పటినుండి దిగేవరకు విప్పనివ్వకండి. ఈ ఒక్క మాట నాకివ్వండి."

మేము మాట ఇచ్చాము. "ఇన్షా అల్లాహ్" అని కూడా అన్నాము. ఆ మాట అంటున్నప్పుడు అది ఎంత బరువైనదో మాకు తెలియలేదు.

డిసెంబరు మాసంలో ఒక ఉదయం ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరాము. పూర్వం రాజమహేంద్రవరంనుండి, పట్టిసీమ రేవునుండి లాంచీలు నేరుగా పైకి వెళ్ళేవి. పోలవరం వద్ద నదికి అడ్డంగా నిర్మాణం జరిగిన పిమ్మట ఆ దారి మూసుకుపోయినది. ఇప్పుడు యాత్రికులు బస్సుల్లో గండిపోచమ్మ గుడి వద్దనున్న రేవుకు చేరి, అక్కడ పడవ ఎక్కుతున్నారు. రేవులో సిబ్బంది మా పేర్లు, ఊర్లు, ఫోను నంబర్లు వ్రాసుకున్నారు. అందరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు పంచి ధరింపజేశారు. పడవ కదలగానే వాహనం ఎక్కినప్పుడు చేయవలసిన దుఆను పిల్లలచేత చెప్పించాము. జుఖ్రుఫ్ సూరాలోని ఆ దుఆ సారాంశం వారికి వివరించాము. ఈ వాహనాన్ని మనకు వశపరచినవాడు పరమ పవిత్రుడని, మన బలంతో మనం దానిని లొంగదీసుకోగలిగేవారం కామని, చివరికి మనమంతా ఆయన వద్దకే మరలిపోతామని. నూహ్ ప్రవక్త (అలైహిస్సలాం) తన ఓడను అల్లాహ్ పేరుతోనే నడిపి, అల్లాహ్ పేరుతోనే నిలిపిన సంగతి హూద్ సూరాలో ఉన్నదని గుర్తుచేశాము. పిల్లలు శ్రద్ధగా విన్నారు. మాకు కూడా ఒక గురువుగా మా కర్తవ్యం నెరవేరినదన్న తృప్తి కలిగినది.

దేవీపట్నం దాటుతున్నప్పుడు పడవలో కొంతసేపు మాటలు ఆగిపోయాయి. పోలవరం ముంపు కారణంగా ఆ పరిసర గ్రామాల ప్రజలు ఇళ్ళు వదిలి పునరావాస కాలనీలకు తరలిపోయారు. ఒకనాడు పిల్లలు ఆడుకున్న వాకిళ్ళ మీద ఇప్పుడు నీరు ఉన్నది. ఎవరిదో ఇల్లు, ఎవరిదో పొలం, ఎవరిదో కబరస్తాన్ లేదా శ్మశానం. మనకు అందే సాగునీటికి, విద్యుత్తుకు వెనుక ఇతరుల త్యాగం ఉంటుందని, వారికోసం కూడా దుఆ చేయవలసి ఉంటుందని పిల్లలకు చెప్పాము.

మరికొంత ముందుకు సాగిన తర్వాత సరంగు పక్కన నిలబడిన ఒక సిబ్బంది చేయి చాచి నది మలుపును చూపించాడు. "అదిగో, కచ్చులూరు" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. చెప్పనవసరం కూడా లేకపోయినది.

పాఠకులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరిలో ఇంకా వరద ప్రవాహం ఉన్న రోజులవి. సుమారు 5 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోతున్నది. 'రాయల్ వశిష్ఠ' అనే పర్యాటక లాంచీ 77 మందితో పాపికొండలకు బయలుదేరి, మధ్యాహ్న భోజనవేళకు కచ్చులూరు వద్ద సుడిలో చిక్కుకొని ఒరిగి మునిగిపోయినది. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. మరణించినవారు, ఆచూకీ దొరకనివారు కలిసి 51 మంది. వరంగల్ సమీపంలోని కడిపికొండ అనే ఒక్క ఊరినుండే 14 మంది బృందంగా వచ్చారు. వారిలో ఎక్కువమంది తిరిగి వెళ్ళలేదు. లోతునుండి ఆ లాంచీని వెలికితీయడానికి అక్టోబరు 22 వరకు పట్టినది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఎంతో శ్రమించి దానిని ఒడ్డుకు చేర్చినది.

ఆ దినం బతికినవారిని రక్షించినది ఎవరు? కచ్చులూరు పరిసరాల గిరిజనులు. ప్రమాదాన్ని చూసి తమ చిన్న పడవలలో వరద ప్రవాహానికి ఎదురువెళ్ళి, నీటిలో కొట్టుకుపోతున్నవారిని చేతులందించి పైకి లాగారు. వారు ఎవరి మతం అడుగలేదు, ఎవరి ఊరు అడుగలేదు. ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినవానితో సమానుడని మాయిదా సూరా బోధిస్తున్నది. ఆ బోధను ఎవరు ఆచరించి చూపినా విశ్వాసి హృదయం వారికి కృతజ్ఞతతో వంగాలి. బతికి బయటపడినవారిలో అనేకులకు లైఫ్ జాకెట్టు ఆసరా అయినది. ఎండవలన, ఉక్కవలన, భోజనానికి లేవబోతూ జాకెట్లు తీసివేసిన వారి సంగతి కూడా ఆనాటి వార్తలలో మనం చదివాము.

ఈ వివరాలన్నీ మేము ఆ మలుపు వద్దనే పిల్లలకు చెప్పాము. చనిపోయినవారి కుటుంబాలకు అల్లాహ్ సహనం ప్రసాదించాలని కోరుకున్నాము. ఇది జరిగి ముప్పావు గంట కూడా కాలేదు. భోజనానికి రమ్మని పిలుపు వచ్చినది.

ఇక్కడినుండి మేము చెప్పబోయేది మా తప్పు.

పడవ కింది అంతస్తులో బల్లలపై అన్నం, పప్పు, కూర, సాంబారు, పెరుగు అమర్చారు. మాంసాహారం ఎవరు కోశారో తెలియదు కనుక మావారంతా శాకాహారమే తీసుకోవాలని ముందే నిర్ణయించుకున్నాము. మధ్యాహ్నపు ఎండ నీటిమీద పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతున్నది. షేర్వానీ మీద బిగించిన జాకెట్టు వలన ఒళ్ళంతా చెమట పట్టినది. చుట్టూ ఉన్నవారు ఒక్కొక్కరే జాకెట్ల పట్టీలు విప్పి కుర్చీలకు తగిలిస్తున్నారు. భోజనం చేసి, వుజూ చేసి, జుహ్ర్ చదువుకొని మళ్ళీ వేసుకోవచ్చునని మేము కూడా పట్టీలు విప్పాము. జాకెట్టును మడచి కుర్చీ కింద పెట్టాము. పళ్ళెం అందుకున్నాము. మమ్మల్ని చూసి మా విద్యార్థులలో ఇద్దరు తమ పట్టీల మీద చేయి వేశారు.

అప్పుడు ఆ లంక గ్రామపు బాలుడు మా కుర్చీ కిందనుండి జాకెట్టు తీసి, రెండు చేతులతో పట్టుకొని మా ఎదుట నిలబడ్డాడు. తల దించుకొని, మెల్లగా అన్నాడు.

"హజ్రత్! ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) రెండు కవచాలు వేసుకున్నారని మీరే చెప్పారు. మీరు..."

మాట పూర్తి చేయలేదు. గురువు ఎదుట అంతకంటే ఎక్కువ మాట్లాడడం అమర్యాద అనుకున్నాడు కాబోలు. అంతవరకు అన్నది చాలు.

ప్రియ పాఠకులారా! ముప్పై ఏళ్ళకు దగ్గరగా మేము పాఠాలు చెబుతున్నాము. ఉహుద్ ప్రకరణాన్ని ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. ఆ దినం దైవప్రవక్త (స) ఒకదానిపై ఒకటిగా రెండు కవచాలు ధరించారని హదీసు గ్రంథాలలో ఉన్నది. అల్లాహ్ మీద ఆయనకున్నంత నమ్మకం ఈ సృష్టిలో మరెవరికి ఉన్నది? తన ప్రవక్తను జనులనుండి కాపాడుతానని అల్లాహ్ వాగ్దానం చేసిన విషయం ఖుర్ఆన్‌లోనే ఉన్నది. అటువంటి మహనీయుడు కూడా కవచం ధరించారు. ఒకటి చాలదన్నట్లు రెండు ధరించారు. ఈ పాఠాన్ని ఏటేటా అప్పజెప్పించుకున్న మేము గోదావరి మధ్యలో, కచ్చులూరు దాటిన గంటలోపల, ఉక్కపోతకు ఓర్చుకోలేక ఉన్న ఒక్క కవచాన్నీ విప్పి కుర్చీ కింద పెట్టాము. అంతేగాక, ఆ బాలుని తండ్రికి ఇచ్చిన మాట ఏమైనది? బాలుని జాకెట్టు విప్పనివ్వబోమని మాట ఇచ్చాము. విప్పి చూపించే గురువు ఎదుట ఉంటే ఏ విద్యార్థి విప్పకుండా ఉంటాడు?

సిగ్గుతో ఆ జాకెట్టు అందుకొని వేసుకున్నాము. "జజాకల్లాహు ఖైరన్, బేటా" అన్నాము. అంతకుమించి మాట రాలేదు. చుట్టూ ఉన్నవారిలో కొందరు మమ్మల్ని చూసి నవ్వారు, కొందరు తమవి కూడా తగిలించుకున్నారు. జాకెట్టుతోనే భోజనం చేశాము. అన్నం రుచి ఏమీ తగ్గలేదు. చెమట పట్టినది, అంతే.

కొద్దిసేపటికి కొండలు దగ్గరపడ్డాయి. ఎవరో "అదిగో పాపికొండలు" అని కేకవేయగా, ఫోటోలకోసం పైఅంతస్తులోని జనమంతా ఒక్కసారిగా ఎడమవైపు కటకటాల వద్దకు పరుగెత్తారు. పడవ కొంచెం ఒరిగినది. పళ్ళాలు బల్లమీద జారాయి. పైన మైకులో పాటల హోరు సాగుతుండగా సరంగు హెచ్చరిక సగంమందికి వినబడలేదు. సిబ్బంది పైకి పరుగెత్తి, పాటలు ఆపి, జనాన్ని రెండువైపులా సర్దారు. పడవ నిలకడకు వచ్చినది. అల్‌హమ్దులిల్లాహ్, ఏ ప్రమాదమూ జరుగలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పదలచుకున్నాము. ఏమీ జరుగలేదు కనుక మేము చేసినది తప్పు కాకుండా పోదు. గోదావరిపై వెళ్ళిన వేలాది యాత్రలలో దాదాపు అన్నిటిలోనూ ఏమీ జరుగదు. అందువల్లనే మనకు ధీమా పెరుగుతుంది. క్షేమంగా తిరిగివచ్చిన ప్రతి యాత్రా అల్లాహ్ కారుణ్యం. దానిని మన అజాగ్రత్తకు అనుమతిపత్రంగా మార్చుకుంటే కృతఘ్నులమవుతాము. అరబీలో దీనిని గఫ్లత్ అంటారు, అంటే ఏమరుపాటు. ఓడలో తుఫాను చుట్టుముట్టినప్పుడు మనుషులు నిష్కల్మషంగా అల్లాహ్‌ను వేడుకొని, ఒడ్డు చేరగానే మరచిపోతారని యూనుస్, లుఖ్మాన్ మొదలైన సూరాలలో హెచ్చరిక ఉన్నది. మేమైతే ఒడ్డు చేరేవరకు కూడా ఆగలేదు. కచ్చులూరునుండి భోజనబల్ల వరకు నడిచే లోపలే మరచిపోయాము.

కొందరు సోదరులు "చావు రాసిపెట్టి ఉంటే జాకెట్టు ఆపుతుందా మౌలానా?" అంటారు. తఖ్దీర్‌పై విశ్వాసం మన ఈమాన్‌లో భాగం. ఆ విషయంలో సందేహం లేదు. కాని తఖ్దీర్ ఏమిటో మనకు ముందుగా తెలియదు. మనకు తెలిసినది అల్లాహ్ ఆజ్ఞ మాత్రమే. మీ చేతులతో మిమ్మల్ని మీరు వినాశంలో పడవేసుకోకండని బఖరా సూరాలో ఆయన వారించాడు. ఒంటెను వదిలేసి అల్లాహ్‌ను నమ్ముకోనా అని అడిగిన వ్యక్తికి ముందు దానిని కట్టి, ఆ తర్వాత నమ్ముకోమని దైవప్రవక్త (స) సెలవిచ్చిన హదీసు తిర్మిజీలో ఉన్నది. పిట్టగోడలేని మేడమీద నిద్రించి పడి మరణించినవాని విషయంలోనూ, అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో ప్రయాణానికి దిగినవాని విషయంలోనూ రక్షణ బాధ్యత తొలగిపోయినదని చెప్పే హదీసు ముస్నద్ అహ్మద్‌లో ఉన్నది. పిట్టగోడ, పోటెత్తిన నీరు! పధ్నాలుగు శతాబ్దాల క్రితమే ఈ రెండింటినీ ఒక్కచోట చెప్పిన ధర్మం మనది. వరద ఉధృతంగా ఉన్న రోజున సెలవు ఉన్నదని, డబ్బు కట్టేశామని పడవ ఎక్కడం ధైర్యమూ కాదు, తవక్కుల్ కూడా కాదు.

చరిత్రలోనుండి మరొక ఉదాహరణ. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో సిరియా పాలకులైన హజ్రత్ ముఆవియా (రజి) సముద్రంపై దండయాత్రకు అనుమతి కోరారు. హజ్రత్ ఉమర్ (రజి) వెంటనే సరే అనలేదు, వెంటనే కాదనలేదు. సముద్ర ప్రయాణం ఎలా ఉంటుందో వివరించమని హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)ను అడిగారు. అందులోని అపాయాన్ని తెలుసుకొని అనుమతి నిరాకరించారు. ఆ తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో, హిజ్రీ 28 ప్రాంతంలో సైప్రస్ యాత్రకు అనుమతి లభించినప్పుడు కూడా ఎవరినీ బలవంతపెట్టరాదని, ఇష్టపడి వచ్చేవారిని మాత్రమే ఓడ ఎక్కించాలని షరతు విధించారు. పారసీక, రోమను సామ్రాజ్యాలను ఎదిరించిన ఉమర్ (రజి) పిరికివారా? తన వెంట ఉన్న ప్రాణాలు తనకు అమానతు అని ఎరిగినవారు.

అమానతు అనే ఈ మాటను కుటుంబపెద్దలు మరీ మరీ ఆలోచించాలి. మన పిల్లలు మనకు సొంత ఆస్తి కారు. అల్లాహ్ మన వద్ద ఉంచిన అమానతులు. సాటి ప్రయాణికులు కూడా అంతే. బుఖారీలో నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసులో ఒక ఓడ ఉపమానం ఉన్నది. కొందరికి పైఅంతస్తు, కొందరికి కిందిఅంతస్తు లభించినది. నీటికోసం మాటిమాటికి పైకి వెళ్ళి ఇతరులను ఇబ్బందిపెట్టడమెందుకని కిందివారు తమ భాగంలో రంధ్రం చేయబోతారు. పైవారు వారిని వదిలేస్తే అందరూ మునుగుతారు. చేయి పట్టి ఆపితే అందరూ బతుకుతారు. ఈ హదీసును మనం సాధారణంగా సమాజ సంస్కరణ గురించి ఉదాహరిస్తాము. నిజమైన పడవ ఎక్కినప్పుడు మాత్రం మరచిపోతాము! పరిమితికి మించి జనాన్ని ఎక్కిస్తున్నా, జాకెట్లు చాలకున్నా, సరంగు మాట ఎవరూ వినకున్నా "మనకెందుకులే, గొడవ" అని ఊరుకుంటాము. ఆ ఊరుకోవడం కూడా రంధ్రం చేయడంలో పాలుపంచుకోవడమే. మా ఎదుట నిలిచిన ఆ బాలుడు చేసినది ఈ హదీసుకు ఆచరణ. పట్టుకున్నది గురువు చేయి కనుక అతనికి మరింత ధైర్యం కావలసివచ్చినది.

ఇక, యాత్రకు వెళ్ళదలచిన కుటుంబాలకు మేము నేర్చుకున్న కొన్ని సంగతులు.

మొదటిది, కాలం. వర్షాకాలంలో, వరద రోజుల్లో యాత్రను తలపెట్టకండి. అధికారులు ప్రయాణాలు నిలిపివేస్తే నొచ్చుకోకండి. పడవకు తనిఖీ, రిజిస్ట్రేషను, ప్రాణరక్షక సామగ్రి ఉండాలని 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం నిర్దేశిస్తున్నది. అనుమతి పత్రం చూపించమని, ఎంతమందికి అనుమతి ఉన్నదని మర్యాదగా అడగడం మన హక్కు. ప్రజాక్షేమంకోసం చేసిన చట్టాన్ని పాటించడం ధర్మవిరుద్ధం కాదు, ధర్మానికి అనుగుణమే.

రెండవది, జాకెట్టు. కుర్చీకి తగిలించిన జాకెట్టు జాకెట్టు కాదు. పిల్లలకు వారి కొలతకు తగినది అడిగి తీసుకోవాలి. పెద్దవారి జాకెట్టు చిన్నపిల్లల తలమీదుగా జారిపోతుంది. మన సోదరీమణులు బుర్ఖా పైననే జాకెట్టు ధరించి పట్టీలు బిగించుకోవాలి. లోపల వేసుకుంటే అవసర సమయంలో పట్టుకుని లాగేవారికి అందదు. ఇందులో పరదాకు భంగమేమీ లేదు.

మూడవది, భోజనవేళ. యాత్రలో మన మనస్సు పూర్తిగా సడలే సమయం ఇదే. అందరూ ఒక్కసారిగా ఒకవైపు గుమికూడకుండా, వంతులవారీగా కూర్చోవాలి. తిన్న పళ్ళాలను, సీసాలను నదిలో విసరరాదు. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని దుబారా చేయరాదని బోధించే హదీసు ఇబ్నె మాజాలో ఉన్నది. నీటిని వృథా చేయడమే తగదన్నప్పుడు దానిని మురికి చేయడం ఎలా తగుతుంది?

నాలుగవది, నమాజు. పడవలో నిలబడి చదవగలిగినవారు నిలబడే చదవాలి. తల తిరుగుతుందన్నా, పడిపోతామన్న భయమున్నా కూర్చొని చదువుకోవచ్చు. మన ప్రాంతంనుండి ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. నది మలుపు తిరిగినప్పుడు పడవ కూడా తిరుగుతుంది కనుక నమాజులో ఉన్నవారు ఖిబ్లా వైపుకు తిరుగుతూ ఉండాలి. ఖస్ర్ విషయంలో హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం స్వగ్రామంనుండి గమ్యానికి సుమారు 77 కిలోమీటర్ల దూరం ఉండాలి. పోను, రాను కలిపి లెక్కించరాదు. కనుక రాజమహేంద్రవరం వారి లెక్క వేరు, అమలాపురంనుండి వచ్చినవారి లెక్క వేరు. బయలుదేరేముందే మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. మేము ఆ దినం జాకెట్లు ధరించే జమాతుతో జుహ్ర్ చదివాము. రుకూలో, సజ్దాలో కొంత అసౌకర్యం కలిగినది. నమాజు మాత్రం చక్కగా నెరవేరినది.

సాయంత్రం రేవులో దిగేసరికి ఎండ వాలిపోయినది. పిల్లలు జాకెట్లు విప్పి సిబ్బందికి అప్పగించారు. అందరికంటే చివర మేము విప్పాము. తర్వాతి శుక్రవారం జుమా నమాజు అనంతరం ఆ బాలుని తండ్రి కలిశారు. "మాట నిలబెట్టారు మౌలానా గారూ, షుక్రియా" అన్నారు. బాలుడు ఇంట్లో ఏమీ చెప్పలేదని మాకు అర్థమైనది. గురువు లోపాన్ని దాచాడు. ఊరుకొని ఆ కృతజ్ఞతను స్వీకరించడం మాకు సాధ్యం కాలేదు. జరిగినదంతా చెప్పి క్షమించమని కోరాము. ఆయన కొంతసేపు మా ముఖంవైపు చూసి, "నేను కూడా వాడి వయసులో మా నాన్నకు ఇలాగే చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను" అని మాత్రం అన్నారు. మేము ఇంకేమీ అడుగలేదు.

తల్లిదండ్రులారా, గురువులారా! మన పిల్లలు మన తప్పును ఎత్తిచూపినప్పుడు వారి నోరు మూయించకండి. "పెద్దవాళ్ళకు చెప్పేంతటివాడివా" అని గద్దించకండి. ఆ ఒక్కమాటతో రేపు ఒక ప్రాణం నిలబడవచ్చు. మర్యాదగా చెప్పడం వారికి నేర్పుదాం, వినయంతో వినడం మనం నేర్చుకుందాం.

ఓ అల్లాహ్! నేలపైన, నీటిపైన ప్రయాణించే నీ దాసులందరినీ క్షేమంగా వారి ఇళ్ళకు చేర్చు. గోదావరిలో ఆప్తులను కోల్పోయిన కుటుంబాలకు ఓదార్పు ప్రసాదించు. మాకు అప్పగించిన అమానతులను ఏమరుపాటు లేకుండా కాపాడుకొనే శక్తినివ్వు. ఆమీన్.